బడి గోడలు చెప్పే పాఠం: పాఠశాల స్థలనిర్మాణం - పిల్లల అభ్యసనం, క్షేమం

వ్యాససంగ్రహం:
పాఠశాల భవనాన్ని బోధనకు వెలుపలి సౌకర్యంగా లెక్కించడం పరిపాటి. అయితే వెలుతురు, వేడి, చప్పుడు, మరుగుదొడ్డి, గోడ వంటివి పిల్లల ఏకాగ్రతను, హాజరును, ఆత్మగౌరవాన్ని నేరుగా ప్రభావితం చేస్తాయి. తెలుగునేలపై అరుగుబడి నుంచి నేటి ప్రభుత్వ పాఠశాల వరకు జరిగిన మార్పును, ఈ అంశంపై వెలువడిన కొన్ని పరిశోధనల ఫలితాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సౌకర్యం “ఉన్నదా?” అనే లెక్కతో ఆగక, అది “పిల్లలకు అందుతున్నదా?” అనే ప్రశ్నను కొలమానంగా తీసుకోవాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పాఠశాల భవనం, అరుగుబడి, తరగతి గది, అభ్యసనం, పిల్లల క్షేమం, విద్యాహక్కు చట్టం.

1. ఉపోద్ఘాతం:

బడి అనగానే ఉపాధ్యాయుడు, పుస్తకం, పరీక్ష గుర్తుకు వస్తాయి. గది గుర్తుకు రాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి కనీసం 800 గంటలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 1,000 గంటలు బోధన జరగాలి. అంటే ఎనిమిదో తరగతి దాటేసరికి ఒక విద్యార్థి బోధనలోనే కనీసం 7,000 గంటలు గడుపుతాడు. ఉపాధ్యాయులు మారతారు, పుస్తకాలు మారతాయి. గది మాత్రం చాలాచోట్ల అదే ఉంటుంది. అంతకాలం కళ్లను, చెవులను, ఒంటిని తాకే స్థలం బోధనలో భాగం కాకుండా ఎలా ఉంటుందన్నది ఈ వ్యాసానికి మూలమైన ప్రశ్న.

2. అరుగు నుంచి గది వరకు:

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో దేశీయ విద్యపై సమాచార సేకరణకు ఆదేశించాడు. దానికి స్పందనగా బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక, ఆ జిల్లాలో 533 బడులు ఉన్నాయని, వాటిలో 226 తెలుగు బడులని పేర్కొన్నది. నేటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోనే ఉండేది. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పద్ధతిని కూడా ఆ నివేదిక వివరించింది.

ఇటువంటి బడులకు ప్రత్యేక భవనాలు ఉండడం అరుదు. ఇంటి అరుగు, గుడి మండపం, చెట్టు నీడ బడులయ్యేవి. అరుగుకు కొన్ని సహజగుణాలున్నాయి. పైన నీడ, మూడువైపుల గాలి, చదువుకు చాలినంత వెలుతురు దొరికేవి. నేలపై కూర్చున్న పిల్లవాడి చేతికి అందే ఎత్తులోనే ఇసుక ఉండేది. అతడు రాసే తలానికీ అతడికీ మధ్య దూరం లేదు.

అయితే అరుగు అందరిదీ కాదు. అది ఇంటి యజమానిది. ఆ ఇంటి ముంగిటికి రానివ్వని కులాల పిల్లలకు ఆ బడి తెరుచుకోలేదు. వీధికి ఎంత తెరిచి ఉన్నా కొందరికి మూసి ఉన్న స్థలం అది. ఊరుమ్మడి భవనంలో ప్రభుత్వ పాఠశాల ఏర్పడడం వల్ల ఆ అడ్డంకి చట్టరీత్యా తొలగింది. అందుచేత అరుగును ఆదర్శంగా కీర్తించడం కాని, భవనాన్ని అనవసరమని తోసిపుచ్చడం కాని సరికాదు. గాలి, వెలుతురు, అందుబాటు అనే అరుగు గుణాలు అందరికీ చెందిన భవనంలోకి వచ్చాయా లేదా అన్నదే విచారించదగిన అంశం.

3. వెలుతురు, వేడి, చప్పుడు:

ఇంగ్లండులో పీటర్ బారెట్ బృందం 27 ప్రాథమిక పాఠశాలల్లోని 153 తరగతి గదులను, 3,766 మంది పిల్లల ప్రగతిని పరిశీలించి 2015లో ఫలితాలు ప్రకటించింది. ఏడాదిలో పిల్లల అభ్యసన ప్రగతిలో కనిపించిన వ్యత్యాసంలో 16 శాతానికి గది భౌతిక లక్షణాలే కారణమని తేల్చింది. ఆ ప్రభావంలో దాదాపు సగం వాటా వెలుతురు, ఉష్ణోగ్రత, గాలి నాణ్యతలది. ఇంగ్లండు వాతావరణం వేరు కనుక ఈ అంకెలను యథాతథంగా తెలుగు ప్రాంతాలకు అన్వయించలేము. కాని గది కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుందనే సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది.

తెలుగు ప్రాంతాల్లో మొదటి సమస్య వేడి. అమెరికా విద్యార్థుల పరీక్షా ఫలితాలపై 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం, శీతలీకరణ లేని బడుల్లో విద్యాసంవత్సరపు ఉష్ణోగ్రత ఒక ఫారెన్‌హీటు డిగ్రీ పెరిగితే ఆ ఏటి అభ్యసనం సుమారు ఒక శాతం తగ్గుతుందని చూపింది. తెలుగు రాష్ట్రాల్లో మార్చి నెల రాగానే ఒంటిపూట బడులు మొదలవుతాయి. భవనం ఆపలేని ఎండను గడియారంతో తప్పించుకునే ఏర్పాటు ఇది. పిల్లల ఆరోగ్యరీత్యా అది అవసరమే. కాని ఒక్కో పూట కోతతో పోయే బోధన సమయాన్ని భవన లోపానికి చెల్లిస్తున్న మూల్యంగా కూడా గుర్తించాలి.

ఈ లోపాన్ని తగ్గించే ఉపాయాలు ఖరీదైనవి కావు. వేసవిలో ఉదయం, సాయంత్రం సూర్యుడు కిందుగా ఉండి తూర్పు, పడమర గోడలను నేరుగా కాలుస్తాడు. భవనం పొడుగు గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉంటే వేడి తగ్గుతుంది. ఎదురెదురు కిటికీలుంటే గాలి ఆడుతుంది. వసారా ఎండను, వానజల్లును గదిలోకి రాకుండా ఆపుతుంది. కప్పుపై తెల్లసున్నం వేస్తే ఎండ తిరుగుముఖం పడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. అటువంటి ఆలోచన ముందుగా చేరవలసిన చోటు బడి కప్పు.

రెండవ సమస్య చప్పుడు. న్యూయార్కులో రైలు వంతెన పక్కనున్న ఒక పాఠశాలను అర్లీన్ బ్రోంజాఫ్ట్ పరిశీలించి 1975లో ఫలితాలు ప్రకటించారు. పట్టాల వైపు గదుల్లోని ఆరో తరగతి పిల్లలు, అవతలి వైపు గదుల్లోని తోటివారికంటే చదవడంలో దాదాపు ఏడాది వెనుకబడి ఉన్నారు. పట్టాలకు, గదులకు శబ్దాన్ని తగ్గించే ఏర్పాట్లు చేశాక ఆ తేడా తొలగిపోయింది. పిల్లలు వారే రకం, పాఠాలూ అవే. మారింది చప్పుడు మాత్రమే. తెలుగు పల్లెల్లో చప్పుడు రైలు వల్ల కాక, ఒకే గదిలో రెండు మూడు తరగతులు నడపడం వల్ల పుడుతుంది. ఒక మూల ఎక్కాలు, మరో మూల పద్యం సాగుతుంటే, వెనుక వరుసలోని పిల్లవాడికి రెండూ సగం సగమే అందుతాయి. దానిని పిల్లవాడి మందబుద్ధిగా లెక్కగట్టడం జరుగుతున్న పొరపాటు.

4. మరుగుదొడ్డి - హాజరును నిర్ణయించే గది:

పాఠశాలలో పాఠం జరగని గదులు కూడా చదువును నిర్ణయిస్తాయి. భారతదేశంలోని బడుల్లో మరుగుదొడ్ల నిర్మాణంపై అంజలి అదూకియా 2017లో ప్రచురించిన పరిశోధన, వాటివల్ల పిల్లల నమోదు పెరిగిందని నిరూపించింది. చిన్న పిల్లల విషయంలో ఏ మరుగుదొడ్డి అయినా మేలు చేసింది. ఎదిగే వయసు బాలికల విషయంలో మాత్రం విడిగా కట్టినవే గణనీయంగా పనిచేశాయి. అంటే ఆ బాలికలకు కావలసింది కట్టడం ఒక్కటే కాదు, అది ఇచ్చే మరుగు.

ఇక్కడే “ఉన్నదా?”, “అందుతున్నదా?” అనే ప్రశ్నల మధ్య దూరం బయటపడుతుంది. ప్రభుత్వరంగ సంస్థలు బడుల్లో కట్టించిన మరుగుదొడ్లను కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 15 రాష్ట్రాల్లో నమూనాగా తనిఖీ చేసి 2020లో నివేదిక సమర్పించారు. వాటిలో సుమారు 72 శాతానికి లోపల నీటివసతి లేదని, సుమారు 30 శాతం వాడుకలో లేవని ఆ నివేదిక తెలిపింది. రికార్డులో అవి ఉన్నాయి, పిల్లలకు లేవు. నీళ్లు లేని, లోపలి గడియ లేని మరుగుదొడ్డి ఉన్న బడిలో బాలిక ఉదయం నుంచి మంచినీళ్లు తాగడమే మానుకుంటుంది. దాహంతో, అసౌకర్యంతో కూర్చున్న ఆ అమ్మాయి పాఠంపై మనసు నిలపలేదు. నెలసరి రోజుల్లో బడికి రాకపోవడం దీనికి కొనసాగింపే.

5. గోడలు ఎవరి కోసం?

గోడను బోధనోపకరణంగా చూసే ఆలోచన మనదేశంలో కొత్తది కాదు. వాస్తుశిల్పి కబీర్ వాజపేయి రూపొందించిన ‘బాల’ అనే పద్ధతి, భవనాన్నే అభ్యసన సాధనంగా మలుస్తుంది. తలుపు తిరిగే చోట నేలపై కోణాలు గీస్తే తలుపే కోణమానిని అవుతుంది. కిటికీ ఊచల్లోని ఆకృతులను వేలితో తడుముతూ చిన్నపిల్లలు రాతకు సిద్ధమవుతారు. ఇక్కడ గోడ చూసేది కాదు, వాడుకునేది.

దీనికి భిన్నంగా, ఖాళీ కనిపించకుండా బొమ్మలతో నింపడమే అందమనే భావన కూడా ప్రచారంలో ఉంది. అమెరికాలో అన్నా ఫిషర్ బృందం 2014లో ప్రకటించిన ప్రయోగంలో 24 మంది చిన్నపిల్లలకు కొన్ని పాఠాలు బాగా అలంకరించిన గదిలోను, కొన్ని అలంకరణ లేని గదిలోను చెప్పారు. అలంకరించిన గదిలో వారి ధ్యాస ఎక్కువగా చెదిరింది, నేర్చుకున్నది తగ్గింది. దీని అర్థం గోడలు బోసిగా ఉండాలని కాదు. బారెట్ అధ్యయనం కూడా అతిగాను, మరీ తక్కువగాను లేని మధ్యస్థితినే సమర్థించింది. పెద్దల కంటి ఎత్తులో వేసిన రంగుల బొమ్మకంటే, పిల్లల చేతికి అందే ఎత్తులో వారే గీసి, వారే మార్చుకోగల నల్లబల్ల పట్టీ మేలు. తన గీత గోడమీద కనిపించినప్పుడు పిల్లవాడికి ఆ గది తనదవుతుంది.

6. చట్టపు లెక్క:

1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డు పథకం, ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని కాలాల్లో పనికివచ్చే రెండు గదులు, లోతైన వసారా, బాలబాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలన్నది. 2004లో కుంభకోణంలోని ఒక బడి గడ్డికప్పు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయిన తరువాత, కప్పు ప్రాణరక్షణ విషయమని దేశానికి తెలిసివచ్చింది. విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయునికొక గది, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, అందరూ అడ్డంకి లేకుండా ప్రవేశించే వీలు ఉండాలని నిర్దేశించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ‘మనబడి నాడు-నేడు’, తెలంగాణలో 2022లో ‘మన ఊరు - మన బడి’ మొదలయ్యాయి. నాడు-నేడు తొలివిడతలో 15,715 పాఠశాలలను చేపట్టి, పనుల నిర్వహణను తల్లిదండ్రుల కమిటీలకు అప్పగించారు.

ఇవన్నీ అవసరమైన అడుగులు. అయితే వీటి జాబితాలు వస్తువులను లెక్కిస్తాయి, అనుభవాన్ని లెక్కించవు. ర్యాంపు ఉంటుంది; దాని వాలు చక్రాల కుర్చీకి పనికిరాకపోవచ్చు. కుళాయి ఉంటుంది, ఒకటో తరగతి పిల్లవాడికి అందకపోవచ్చు.

7. ముగింపు:

పై పరిశీలనవల్ల తేలిన అంశాలివి:

• తరగతి గది బోధనకు నేపథ్యం మాత్రమే కాదు. వెలుతురు, వేడి, చప్పుడు అభ్యసనాన్ని కొలవదగినంతగా మారుస్తాయి. వాటివల్ల కలిగే వెనుకబాటును విద్యార్థి లోపంగా నిర్ధారించరాదు.

• అరుగుబడిలోని గాలి, నీడ, అందుబాటు గుణాలను అందరికీ చెందిన భవనంలో వసారా, ఎదురెదురు కిటికీలు, తక్కువ ఎత్తు రాతబల్లల రూపంలో నిలుపుకోవచ్చు.

• మరుగుదొడ్డిని నీరు, గడియ, శుభ్రతలతో కలిపే లెక్కించాలి. ఆ మూడూ లేనిది లేనట్టే.

• భవన ప్రణాళిక దశలోను, ఏటేటా జరిగే తనిఖీలోను పిల్లలను అడగాలి. ఏ గదిలో ఉక్కపోస్తుందో, ఏ మూల మాట వినిపించదో, ఏ తలుపు పడదో ఇంజినీరుకంటే ముందు వారికే తెలుసు.

తనిఖీ పత్రంలో “ఉంది” అని రాయడానికి ముందు, దానిని వాడుకునే పిల్లవాడి ఎత్తుకు వంగి ఒక్కసారి చూడడం అవసరం. ఆ ఎత్తునుంచి కనిపించేదే అసలైన బడి.