మెట్లు పీకిన గిటార్: మీ పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?



పోయిన పీటీఎంలో ఒక నాన్నగారు నన్ను పక్కకు పిలిచారు. చర్లపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయనకు చిన్న వర్క్‌షాప్ ఉంది. "మేడమ్, మావాడు పాత బేస్ గిటార్‌కున్న ఫ్రెట్లన్నీ పీకేస్తానంటున్నాడు. కొన్నదాన్ని పాడుచేసుకోవడం కాకపోతే ఏంటిది? మీరైనా చెప్పండి" అన్నారు. చెప్పడానికి నేను సరైన మనిషిని కాదు. బీఈడీ రోజుల్లో నా సెకండ్ హ్యాండ్ బేస్‌కు నేనూ అదే పని చేశాను.

వీణకు మెట్లు ఎలాగో గిటార్‌కు ఫ్రెట్లు అలాగ. వేలు కాస్త అటూ ఇటూ పడినా తీగ ఫ్రెట్ మీదే ఆగుతుంది, స్వరం సరిగ్గా పలుకుతుంది. ఫ్రెట్లు తీసేస్తే వయొలిన్‌లా ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్లొచ్చు. వీణలో గమకం కోసం తీగను మెట్టు మీదే పక్కకు లాగుతారు. బేస్ తీగలు లావు, అంతగా లాగలేం.

ఇదేమీ కొత్త పిచ్చి కాదు. తర్వాత రోలింగ్ స్టోన్స్‌లో చేరిన బిల్ వైమన్ 1961లో ఒక చవక బేస్ కొని, అరిగిపోయిన ఫ్రెట్లు పీకేశాడు. కొత్తవి వేయిద్దామనుకున్నాడు కానీ, ఆ శబ్దమే నచ్చి అలాగే ఉంచేశాడు. మన పాలకొల్లు శ్రీనివాస్ కూడా జంట తీగల మాండలిన్ బదులు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించారు.

ఇక పని సంగతి. తీగలు తీసేసి, సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్కో ఫ్రెట్‌ను వేడి చేయాలి. కింద జిగురుంటే మెత్తబడుతుంది. మేకులు పీకే పటకారుతో ఒక అంచు నుంచి కొద్దికొద్దిగా లేపుకుంటూ రావాలి. ఒక్కసారిగా పైకి లాగితే చెక్క పెచ్చు లేస్తుంది. లేచిన పెచ్చును పారేయకుండా సూపర్ గ్లూతో అక్కడే అతికించాలి.

ఆ గాడి వెడల్పు సుమారు అర మిల్లీమీటరు. ఖాళీగా వదిలేస్తే తీగలు బిగించాక మెడ సరిగ్గా నిలవకపోవచ్చు. కార్పెంటర్ దగ్గర మిగిలిన వెనీర్ ముక్కలను సన్నగా కోసి, ఫెవికాల్‌తో గాడిలో దింపండి. ఆరాక శాండ్ పేపర్‌ను ముందు 220, తర్వాత 400 నంబరుతో నిలువుగా రుద్దాలి. ఆ చెక్కకు చిన్న వంపు ఉంటుంది, అది పోకూడదు. వెనీర్ లేత రంగుదైతే గీతలు కనిపిస్తాయి, పిల్లలకు అవే ఆధారం. ఇదివరకు వేలు ఫ్రెట్‌కు కాస్త వెనక పెట్టేవాళ్లు, ఇప్పుడు సరిగ్గా గీత మీదే పెట్టాలి.

నాకు ఈ సామానంతా కుషాయిగూడ హార్డ్‌వేర్ షాపుల్లోనే దొరికింది. ఖర్చంతా తీగల దగ్గరే. మామూలు రౌండ్ వౌండ్ తీగలు చెక్కను కోసేస్తాయి కాబట్టి నున్నటి ఫ్లాట్ వౌండ్ వేయాలి. మిగతా సామానంతా కలిపినా వాటి ధర కాదు. ఫ్రెట్ల ఎత్తు పోయింది కనుక బ్రిడ్జి దగ్గర తీగల ఎత్తునూ తగ్గించుకోవాలి.

ఆ నాన్నగారికి కొలతలు కొట్టిన పిండి. అందుకని లెక్క చెప్పాను. బేస్ తీగ పొడవు సాధారణంగా 34 అంగుళాలు, అంటే 864 మి.మీ. దాన్ని 17.817తో భాగిస్తే 48.5. మొదటి ఫ్రెట్ అంత దూరంలో ఉంటుంది. మిగిలిన 815.5ను మళ్లీ భాగిస్తే రెండోదానికి దూరం. ఇలా పన్నెండుసార్లు చేస్తే సరిగ్గా సగానికి, 432కు వస్తాం. ఆయన ఫోన్ తీసి అక్కడే లెక్క వేసుకున్నారు.

ఉన్నది ఒక్కటే గిటార్ అయి, బాబు నేర్చుకోవడం మొదలుపెట్టి ఏడాది కూడా కాకపోతే వద్దనే చెప్పండి. స్వరం చెవికి పట్టకముందే ఫ్రెట్లు పోతే విసుగొచ్చి మానేస్తారు. పాతది మూల పడి ఉంటే ఒప్పుకోండి. కానీ వేడి ఐరన్, సూపర్ గ్లూ వాడేటప్పుడు పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలి, కిటికీలు తెరవాలి, రుద్దేటప్పుడు మాస్క్ ఉండాలి.

వాళ్లిద్దరూ ఒక ఆదివారం ఆ పని పెట్టుకున్నారు. తొమ్మిదో ఫ్రెట్ దగ్గర చిన్న పెచ్చు లేచిందట, అతికించారట. నాకు లేచింది ఏడోదాని దగ్గర.