బందరు, లంగరు, సరంగు: ఓడ మాటల్లో మన మాటలు

మచిలీపట్నాన్ని బందరు అని ఎందుకంటారు? బందర్ అంటే ఫార్సీలో ఓడరేవు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు అదే. అక్కడి నుంచి బట్టలు ఇరాన్‌కి, అరబ్ తీరానికి వెళ్లేవి, హజ్ యాత్రికులు కూడా అక్కడే ఓడ ఎక్కేవాళ్లు. బందరు లడ్డూ అంటే ఒక రకంగా రేవు లడ్డూ అన్నట్టే.

రేవుతో పాటే ఓడ మాటలూ మన తీరంలో దిగాయి. ఉర్దూ, అరబ్బీ మాటలు తెలుగుకి పరాయివి అనేవాళ్లు ఒక్కసారి పడవ ఎక్కి చూడాలి. పడవ వెనక నీళ్లలోకి దిగి, అటూ ఇటూ తిరిగి దారి మళ్లించే పలకని చుక్కాని అంటాం. అరబ్బీలో అది సుక్కాన్. దాన్ని పట్టే మనిషిని ఓడల్లో సుక్కానీ అనేవాళ్లు. పడవని ఒకచోట ఆపడానికి నీళ్లలోకి వేసే బరువైన ఇనప కొక్కెం లంగరు, ఇది ఫార్సీ. దర్గాల్లో అందరికీ పెట్టే ఉచిత భోజనాన్ని కూడా లంగర్ అనే అంటాం కదా, ఫార్సీలో ఆ ఒక్క మాటకే రెండు అర్థాలూ ఉన్నాయి. గాలిని పట్టే తెరచాప మాత్రం అచ్చ తెలుగు. ఉర్దూలో దాన్ని బాద్‌బాన్ అంటారు.

ఓడ మీద మనుషుల పేర్లు ఇంకా బాగుంటాయి. ఓడ పెద్ద నాఖుదా. గజళ్లలో తరచూ వినే మాటే. ఇందులో ఖుదా అంటే యజమాని అని, అంటే ఓడకి యజమాని. దారి చూపే అధికారి మాలుం. మదర్సాలో చదువు చెప్పే ముఅల్లిం, ఈ మాలుం ఒకే మాట. కింద పనిచేసేవాళ్లు ఖలాసీలు. విశాఖ, కాకినాడ వైపు కళాసీ అంటే ఎవరికి తెలీదు? ఈ మాటలన్నీ కలిసిన ఓడ భాషకి లష్కరీ అని పేరు. తెల్ల అధికారులకి ఇది రాకపోతే ఓడ కదిలేది కాదు. అందుకే 1811లో థామస్ రోబక్ అనే లెఫ్టినెంట్ కలకత్తాలో దీనికి ఒక నిఘంటువే అచ్చు వేయించాడు.

ఖలాసీల పైన ఉండేవాడు సరంగు. ఫార్సీ సర్‌హంగ్ నుంచి వచ్చింది, అంటే దళానికి నాయకుడు. గోదావరి మీద లాంచీ నడిపేవాణ్ని ఇప్పటికీ సరంగు అనే అంటారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పుడు పేపర్లలో ఈ మాట ఎన్నిసార్లు చదివామో. అంతమంది ప్రాణాలు ఆయన చేతిలో ఉంటాయి కాబట్టి ఆ పేరు తేలిక మాట కాదు.

పాత సరంగుకి ఇంకో పని కూడా ఉండేది. ఊళ్లలో కుర్రాళ్లని పోగేసి ఓడ ఎక్కించేది, చాలాసార్లు వాళ్ల జీతంలో వాటా తీసుకునేది ఆయనే. తెల్ల నావికుల జీతంతో పోలిస్తే ఖలాసీకి దక్కేది చాలా తక్కువ, అందులో మళ్లీ ఈ కోత.

ఆ పని ఇప్పుడు ఏజెంట్ల చేతికి వచ్చింది. మర్చంట్ నేవీ అని చెప్పి లక్షలు అడిగేవాళ్లు మన ఊళ్లలోనూ తిరుగుతున్నారు. మీ ఇంట్లో అబ్బాయి ఎవరైనా ఓడ ఉద్యోగం అంటుంటే ముందు రెండు మాటలు తెలుసుకోండి. ఒకటి సీడీసీ, అంటే నావికుడి సర్వీసు పుస్తకం. రెండోది ఆర్‌పీఎస్ఎల్, అంటే నావికుల్ని పనిలో పెట్టే కంపెనీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చే లైసెన్సు. ఆ లైసెన్సు ఉన్న కంపెనీ ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు, రూల్సే అలా ఉన్నాయి. లైసెన్సు ఉన్న కంపెనీల జాబితా ఆ ఆఫీసు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. పేరు ఒక్కటే కాదు, లైసెన్సు గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి.