మోకాలి ఎక్స్‌రే నిలబెట్టి ఎందుకు తీస్తారు?

మోకాళ్ల నొప్పులతో వచ్చిన పెద్దలను ఎక్స్‌రే గదిలో నిలబడమంటే, "నిలబడలేకనే వచ్చానమ్మా, పడుకోబెట్టి తీయకూడదా?" అని మమ్మల్ని అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

మోకాలిలో ఎముకలు ఒకదానికొకటి రాసుకోకుండా వాటి చివరలను ఒక నున్నని పొర కప్పి ఉంచుతుంది. దీనినే మనం గుజ్జు అంటాము. దీని మందం కొద్ది మిల్లీమీటర్లే. ఎక్స్‌రేలో ఎముక తెల్లగా కనబడుతుంది గాని గుజ్జు కనబడదు. ఎముకల మధ్యనున్న ఖాళీని బట్టి గుజ్జు ఎంత మిగిలిందో డాక్టరుగారు అంచనా వేస్తారు.

పడుకున్నప్పుడు మోకాలిపై బరువు పడదు. అందువల్ల గుజ్జు అరిగినా ఖాళీ బాగానే ఉన్నట్లు కనబడవచ్చు. నిలబడితే ఒంటి బరువుకు ఎముకలు దగ్గరకు వచ్చి అసలు అరుగుదల, కాలి వంకర బయటపడతాయి. కొందరికి మోకాళ్లు కొద్దిగా వంచి నిలబెట్టి కూడా తీస్తారు. ఎం.ఆర్.ఐ. గుజ్జును నేరుగా చూపుతుంది గాని, దానిని సాధారణంగా పడుకోబెట్టే తీస్తారు.

వ్యాయామం, మందులు చాలునా, ఆపరేషన్ అవసరమా అని ఆలోచించేటప్పుడు ఈ తేడా ముఖ్యం. కనుక ఎక్స్‌రే తీసేటప్పుడు రెండు కాళ్లపై బరువు సమానంగా ఉంచండి. నొప్పి కాలిని తేల్చి నిలబడవద్దు. కళ్లు తిరుగుతున్నా, నిలబడలేకపోయినా ముందే చెప్పండి, ఆసరా ఏర్పాటు చేస్తాము. గర్భిణులు ఆ సంగతి తప్పక తెలపాలి. పాత ఫిల్ములు ఉంటే తీసుకురండి.

ఫిల్ములో అరుగుదల ఎక్కువగా ఉన్నా నొప్పి తక్కువగా ఉన్నవారు ఉన్నారు. ఫిల్మును చూసి మీరే భయపడక, డాక్టరుగారితో మాట్లాడండి.