బోర్డు మీద దేవుడు... ఆకు మీద మటన్ పులుసు
మసకబారుతున్న మునియాండి విలాస్‌లు

కంబం: మదురైలో బస్సెక్కి తేని, చిన్నమనూరు, ఉత్తమపాళెయం దాటుకుని కంబంలో దిగిన మనిషికి ముందు గుర్తొచ్చేది ఆకలే. వంద కిలోమీటర్లకు పైగా కుదుపుల ప్రయాణం మరి. ఈ ఊరికి రైలు ఎన్నడూ రాలేదు. 2023లో బోడినాయకనూరుకు పెద్దలైను రైలు వచ్చింది గానీ కంబానికి ఇప్పటికీ బస్సే దిక్కు. అటు కుమిళి మీదుగా కేరళకు పోయేవాళ్లు, యాలకుల తోటలకు కూలికి పోయేవాళ్లు, ద్రాక్ష బేరానికి వచ్చేవాళ్లు... అందరికీ బస్టాండు చుట్టుపక్కల హోటలే అన్నం పెట్టే తల్లి. ఈ దారి పొడవునా ఉన్న ఊళ్లలో మాంసం భోజనమంటే ఒకప్పుడు జనం నోట వచ్చే పేరు ఒక్కటే... మునియాండి విలాస్.

ఆ పేరు వినగానే అది తమిళుల హోటలని అనుకునేవాళ్లే ఎక్కువ. బోర్డు తమిళం, దేవుడు తమిళ దేవుడు, పులుసు మదురై పులుసు. కానీ గల్లాపెట్టె వెనక కూర్చున్నాయన ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగు. మన నాయుళ్లు, రెడ్డియార్లు మొదలుపెట్టి దక్షిణాదంతా పరిచిన హోటళ్లివి. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

వానలు తప్పిన ఊరు... వంట నేర్చింది

మదురై జిల్లా తిరుమంగలం వైపు వడక్కంపట్టి అని ఒక పల్లె ఉంది. మెట్టభూములు, వాన పడితేనే పంట. ముల్లై పెరియారు నీళ్లు 1895 నుంచి కంబం లోయను పచ్చగా ఉంచాయి. వడక్కంపట్టికి ఆ అదృష్టం లేదు. కరువొచ్చిందంటే ఊరు విడిచి పోవాల్సిందే. ఆ ఊరి ఇలవేల్పు మునియాండి సామి. 1930ల్లో ఆ ఊరి నాయుడు ఒకాయన సామికి మొక్కుకుని, ఆయన పేరే పెట్టి హోటలు తెరిచాడనీ, అది కలిసి రావడంతో ఆయన వెనకే ఒక రెడ్డియారు కూడా అదే దారి పట్టాడనీ ఆ ఊళ్లో చెప్పుకుంటారు. సామి కలలో కనపడి అన్నం పెట్టమన్నాడని కూడా కథ ఉంది. కథ సంగతి ఎట్లా ఉన్నా ఫలితం కళ్లముందే కనపడింది. చుట్టాలు, పక్కాలు, ఊరోళ్లు ఒకరిని చూసి ఒకరు బయల్దేరారు. తమిళనాడులో ఊరూరా, ఆపైన పక్క రాష్ట్రాల్లోనూ మునియాండి విలాస్‌లు వెలిశాయి.

గొలుసు ఉంది... యజమాని లేడు

ఇప్పటి గొలుసు హోటళ్లకు ఒక కంపెనీ, ఒక ఆఫీసు, ఒకే రకం మెనూ కార్డు ఉంటాయి. మునియాండి విలాస్‌కు అవేవీ లేవు. ఎవరి హోటలు వాళ్లది, ఎవరి లాభనష్టాలు వాళ్లవి. అందరినీ కలిపి కట్టిన తాడు ఒక్క దేవుడే. రోజూ మొదటి బేరం డబ్బులు సామి పేరున పక్కన పెట్టడం వీళ్ల ఆనవాయితీ. ఏడాదికోసారి ఆ డబ్బుతోనే వడక్కంపట్టిలో పండగ. నాయుళ్లు తై నెలలో, రెడ్డియార్లు మాసి నెలలో చేస్తారు. ఎక్కడెక్కడో హోటళ్లు నడిపేవాళ్లంతా ఆ రోజుకు సొంతూరు చేరాల్సిందే.

ఆ పండగలో ప్రసాదం పొంగలి కాదు, పులిహోర కాదు... మటన్ బిర్యానీ! మొక్కుబడిగా వచ్చిన మేకల్ని, కోళ్లను కోసి, రాత్రంతా పెద్ద పెద్ద గుండిగల్లో వండి, తెల్లారేసరికి వడ్డిస్తారు. కులం అడగరు, ఊరు అడగరు. గిన్నె తెచ్చుకున్నవాడికి గిన్నె నిండా. ఆ పండగ ఈనాటికీ ఆగలేదు.

పని నేర్పిన బడి

ఈ హోటళ్లు కడుపు నింపడంతో ఆగలేదు. బతుకు కూడా చూపించాయి. చదువబ్బని కుర్రాడిని ఊరి నుంచి తెచ్చి ముందు ఆకులు తీయమనేవాళ్లు. తర్వాత నీళ్లు పొయ్యడం, వడ్డన, పరోటా కల్లు, చివరికి మసాలా చెయ్యి. అన్నీ వచ్చాక మామో, చిన్నాయనో చెయ్యందిస్తే ఇంకో ఊళ్లో అదే సామి పేరు మీద సొంత హోటలు. డిప్లొమా లేదు, బ్యాంకు లోను లేదు. నమ్మకమే పెట్టుబడి. కరువు పల్లెకు ఇంతకన్నా పెద్ద ఉపాధి పథకం ఏముంటుంది?

ఇక రుచి సంగతి చెప్పేదేముంది. అరటాకు పరిచి అన్నం పెట్టగానే మటన్ పులుసు, కోడి పులుసు, చేపల పులుసు ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. పులుసుకు లెక్క లేదు, అడిగినంత పోసేవాళ్లు. జేబులో డబ్బులుంటే సుక్కా, ఈరలు, కోలా ఉండలు. లేకపోతే ఉత్త పులుసుతోనే కడుపారా తిని లేచిపోవచ్చు. సాయంత్రమైతే పరోటా, సాల్నా. ఇంట్లో సియ్యకూర పండక్కో, చుట్టమొస్తేనో వండుకునే రోజుల్లో కూలివాడికి కూడా మాంసం వాసన అందించింది ఈ హోటలే.

ఎందుకు తగ్గిపోయాయి?

ఒక్క కారణం చెబితే సరిపోదు. మొదటిది పిల్లల చదువు. తెల్లారుజామున మూడింటికి లేచి పొయ్యి దగ్గర ఉడికిన తండ్రి, కొడుకు కూడా అట్లాగే ఉడకాలని కోరుకోడు. ఇంజనీరింగు చదివించాడు. కొడుకు చెన్నైకో బెంగళూరుకో పోయాడు. హోటలు తాళం తీసేవాడు లేడు. దీన్ని తప్పనలేం. హోటలు పెట్టింది పిల్లలు బాగుపడాలనే కదా.

రెండోది పనివాళ్లు. ఊరి నుంచి కుర్రాళ్లు రావడం తగ్గింది. మూడోది రోడ్లు. బైపాసులొచ్చాక కార్లు ఊళ్లోకి రాకుండానే పోతున్నాయి. నాలుగోది మటన్ ధర. అడిగినంత పులుసు పోసే పద్ధతి ఈ ధరల్లో నిలబడదు. దీనికితోడు 2020 లాక్‌డౌన్ చిన్న హోటళ్ల నడుం విరిచింది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పేరుకే తగిలింది. దేవుడి పేరు కాబట్టి ఎవరైనా పెట్టుకోవచ్చు. వడక్కంపట్టి ముఖం చూడనివాళ్లు కూడా ‘మదురై మునియాండి విలాస్’ అని బోర్డు కట్టేశారు. నీళ్ల పులుసు పోసినా అదే పేరు, అమృతం పోసినా అదే పేరు. బోర్డును చూసి నమ్మే రోజులు పోయాయి.

దిండిగల్ దారి వేరు

మన కళ్లముందే ఇంకో దారి కూడా ఉంది. దిండిగల్‌లో 1957లో నాగసామి నాయుడు ‘ఆనంద విలాస్ బిర్యానీ హోటల్’ పెట్టారు. తలకు ఎప్పుడూ తలపాగా ఉండేది కాబట్టి జనం ఆయన్ను ‘తలప్పాకట్టి’ నాయుడన్నారు. ఆ పిలుపే తర్వాత హోటలు పేరైంది. సీరగ సంబా బియ్యపు బిర్యానీ పేరు మోసింది. వారసులు దాన్ని కంపెనీగా మార్చారు, పేరు కోసం మద్రాసు హైకోర్టు దాకా వెళ్లారు, విదేశాల్లోనూ శాఖలు తెరిచారు. కోయంబత్తూరులో దామోదరసామి నాయుడు 1968లో మొదలుపెట్టిన శ్రీ అన్నపూర్ణ శాకాహార హోటళ్లు కూడా ఒకే కుటుంబం చేతిలో పద్ధతిగా పెరిగాయి.

ఇవీ తెలుగు మూలాలవాళ్ల హోటళ్లే. తేడా ఒక్కటే. అక్కడ పేరుకు హక్కుదారుడు ఉన్నాడు. ఇక్కడ పేరు అందరిదీ. అందరిదీ కాబట్టే అంత త్వరగా ఊరూరికీ పాకింది, అందరిదీ కాబట్టే కాపాడేవాడు లేకపోయాడు. ‘ఉమ్మడి బర్రె పుచ్చి చచ్చింది’ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

అయితే కంపెనీ అయినంత మాత్రాన చిరంజీవి అనుకోనక్కర్లేదు. చెన్నై కెథీడ్రల్ రోడ్డులో వుడ్‌లాండ్స్ డ్రైవ్-ఇన్ 1962 నుంచి నడిచింది. కారులోనే కూర్చుని కాఫీ తాగడం ఆ రోజుల్లో వింత. ఆ స్థలం ప్రభుత్వం చేతికి వెళ్లడంతో 2008లో మూతపడింది. 2010లో అక్కడ సెమ్మొళి పూంగా తోట వెలిసింది. చెట్లు మిగిలాయి, కాఫీ వాసన పోయింది.

మాట కూడా పోతుందేమో...

కంబం చుట్టుపక్కల మనవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. బడిలో తెలుగు లేదు, చదవడం రాయడం చాలామందికి రాదు. అలాంటి చోట ‘ఏమప్పా, ఎప్పుడొస్తివి, కూర్చో’ అని బయట ఒక చోట తెలుగు మాట చెవిన పడితే ప్రాణం లేచొచ్చేది. గల్లా దగ్గర సంబంధాలు మాట్లాడుకునేవాళ్లు, చావుకబుర్లు చెప్పుకునేవాళ్లు, ఊరి నుంచి వచ్చిన చీటీ ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. ఇప్పటి ఏసీ హోటల్లో ఆర్డరు తీసుకునే కుర్రాడు ఉత్తరాది నుంచి వచ్చినవాడు. అతన్నీ తప్పుపట్టలేం. ఒకప్పుడు వడక్కంపట్టి కుర్రాడు కరువుకు ఊరు విడిచినట్టే ఇతనూ పొట్ట చేతబట్టుకుని వచ్చాడు.

పాత హోటళ్లను మళ్లీ తెరవమని ఎవరినీ అడగలేం. అడగాల్సింది చిన్నదే. మీ ఇంట్లో తాతో, పెదనాయనో మునియాండి విలాస్‌లో పనిచేసి ఉంటే, నడిపి ఉంటే ఒక సాయంత్రం పక్కన కూర్చోండి. ఏ ఊళ్లో పెట్టారు, పులుసులో ఏం వేసేవాళ్లు, ఎవరు నేర్పారు... అడిగి రాసుకోండి. తెలుగు రాయడం రాకపోతే తమిళ అక్షరాల్లోనే రాసుకోండి. ఫోనులో ఆయన గొంతైనా పట్టి ఉంచండి. తై నెలలో వీలైతే వడక్కంపట్టికి ఒక్కసారి వెళ్లి రండి. గిన్నె మాత్రం మరచిపోవద్దు!