వకీళ్ల మర్యాద, కక్షిదారుల మేలు

నేఁటి ప్రసంగము వకీళ్లను గూర్చి. అయితే ఇది వకీళ్లకు చెప్పుటకు కాదు. వకీళ్లయొద్దకు మనుష్యులను వెంటఁబెట్టుకొని పోవు గ్రామపెద్దలకు చెప్పుటకు. ఊరిలో గట్టు తగవు గాని పంపకాల తగవు గాని పుట్టి, పదిమంది మాటకు లొంగక కోర్టు కెక్కినపుడు, వాదికో ప్రతివాదికో తోడుగా పట్టణమునకు పోవువారు మీరే. ఏ వకీలును పెట్టుకొనవలెనో చెప్పువారును మీరే. కావున ఈ మాట మీ చెవిని వేయుట మంచిదని తలంచితిని.

కోర్టు ఆవరణమున తఱచుగా కనఁబడు దృశ్య మొకటి కలదు. లోపల ఇద్దఱు వకీళ్లు గంటసేపు హోరాహోరిగా వాదింతురు. ఒకరు చెప్పినదానిని మఱియొకరు లేచి ఖండింతురు. వాదము ముగిసిన పిమ్మట ఆ యిరువురే బయటికి వచ్చి, చెట్టుక్రింద నిలిచి, నవ్వుచు కాఫీ త్రాగుదురు. వరండాలో కూర్చున్న కక్షిదారుఁడు దీనిని చూచును. అతని గుండె జల్లుమనును. "అయ్యో! మావాఁడు ఎదుటివారికి అమ్ముడుపోయినాఁడు" అని ప్రక్కవానితో అనును. ప్రొద్దు గ్రుంకునప్పటికి ఆ మాట ఊరంతయు ప్రాఁకును.

ఈ యనుమానము సహజమే. పల్లెలో తగవుపడిన రెండు కుటుంబములు ఒకరి గడప నొకరు తొక్కవు. పెండ్లికి పిలుపు లుండవు, చావునకు పలుకరింపు లుండవు. తన పగను తన వకీలు కూడ మోయవలెనని కక్షిదారుఁడు కోరును. కాని వకీలునకు అప్పగించినది వ్యాజ్యము, పగ కాదు. ఈ భేదమును తెలిసికొన్నచో తక్కినదంతయు తేలికగా బోధపడును.

ఎదుటిపక్షపు వకీలును పేర్కొనవలసి వచ్చినపుడు "విద్వాంసుఁడైన నా మిత్రుఁడు" అని చెప్పుట ఇంగ్లీషు కోర్టులనుండి మనకు వచ్చిన యాచారము. వినువారి కిది వట్టి వేషముగా తోఁచవచ్చును. కాని మన దేశమున 1961 సంవత్సరపు అడ్వొకేట్ల చట్టము ననుసరించి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అను సంస్థ వకీళ్ల నడవడికి నియమములనే ఏర్పఱచినది. న్యాయస్థానమునకు, తన కక్షిదారునకు, ఎదుటిపక్షమునకు, తోడి వకీళ్లకు వకీలు ఎట్లు బాధ్యుఁడో అందు కలదు. వకీలు తన కక్షిదారునకు వట్టి నోరు మాత్రమే కాఁడు. అర్జీలలో నీచమైన దూషణలు వ్రాయరాదు. వాదమున హద్దు మీఱిన మాట లాడరాదు. కక్షిదారుఁడు కుటిలమార్గమున పోఁజూచినచో వారింపవలెను; వినకున్నచో ఆ పక్షమును విడువవలెను. ఎదుటిపక్షమువారికి ఇచ్చిన న్యాయమైన మాటను, అది కాగితముపై లేకున్నను, నెఱవేర్చుటకు శక్తికొలఁది యత్నింపవలెను.

"ఇదంతయు వారి మర్యాద, దీనివలన మాకు ఒరిగిన దేమి?" అని మీరు అడుగవచ్చును. మూఁడు సంగతులు చెప్పెదను.

మొదటిది వాయిదా. విచారణకు ఏర్పఱచిన దినమున తెల్లవాఱుజామున ప్రతివాది తల్లి మరణించినదనుకొనుఁడు. అతని వకీలు సంగతి చెప్పి, వాయిదాకు అడ్డుపడవలదని మన వకీలును కోరును. మన కక్షిదారుఁడు మాత్రము "మంచి సమయము దొరికినది, పట్టుపట్టి ఏకపక్షపు డిక్రీ తెమ్ము" అని తొందరపెట్టును. అట్లే డిక్రీ వచ్చిన దనుకొందము. రాలేకపోవుటకు తగిన కారణమును చూపి 30 దినములలో అర్జీ పెట్టుకొన్నచో కోర్టు ఆ డిక్రీని రద్దుచేయునని సివిల్ ప్రొసీజరు కోడు చెప్పుచున్నది. తల్లి మరణముకంటె తగిన కారణ మేమి కావలెను? వ్యాజ్యము మరల మొదటికి వచ్చును. నడుమ గడచిన నెలలు, పెట్టిన ఖర్చు వ్యర్థము. అయితే మర్యాద పేరిట వాయిదామీఁద వాయిదాకు ఒప్పుకొనుచు పోవుటయు తప్పే. విచారణ సాగుచున్న దావాలో ఒక పక్షమునకు మూఁడు వాయిదాలకు మించి యీయరాదని 2002లో అమలునకు వచ్చిన సవరణ చెప్పుచున్నది. ఆపదకు ఒప్పుకొనుట మర్యాద. సోమరితనమునకు ఒప్పుకొనుట మర్యాద కాదు.

రెండవది దస్తావేజు. తాతలనాఁటి క్రయపత్ర మొకటి వ్యాజ్యములో దాఖలైనది. అది నిజమైనదే యని ఉభయపక్షములకును తెలియును. అయినను "ఒప్పుకొనవలదు, ఋజువు చేసికొననిండు" అని కక్షిదారుఁడు బిగించును. అప్పుడు సంతకమెఱిఁగిన ముదుసలిని పొరుగుజిల్లా నుండి బండి కట్టి తేవలెను. అతనికి జబ్బు చేసినచో ఇంకొక వాయిదా. దీనికి చట్టమే మార్గము చూపినది. ఈ పత్రమును ఏడు దినములలో ఒప్పుకొనుఁడని ఎదుటివారికి నోటీసు ఈయవచ్చును. వారు ఒప్పుకొననిచో, కోర్టు వేఱుగా ఆజ్ఞాపించిన నేమో గాని, వ్యాజ్యము ఎవరు గెలిచినను ఆ పత్రమును ఋజువుచేసిన ఖర్చు కాదన్నవారి మీఁదనే పడును. ఒకరితో నొకరు మాటలాడుకొను వకీ ళ్లిద్దఱు ఇట్టి పత్రముల నన్నింటిని ఒక సాయంకాలమున తేల్చుకొని, నిజముగా తగవున్న పత్రమును మాత్రమే కోర్టు ముందుంతురు. పలుకరించుకొనని వకీళ్లు ప్రతి కాగితమునకును ఒక యుద్ధము చేయుదురు. ఆ యుద్ధమునకు కూలి ఇచ్చువాఁడు కక్షిదారుఁడే.

మూఁడవది రాజీ. 1893లో గాంధీమహాత్ముఁడు దక్షిణాఫ్రికాకు పోయినది దాదా అబ్దుల్లా అను వర్తకుని వ్యాజ్యమునకై. దావా 40,000 పౌండ్లకు. ఎదుటివాఁడు తయ్యబ్ సేఠు. అతఁడు దాదా అబ్దుల్లాకు బంధువే. కాగితములన్నియు చదివి తన పక్షము బలమైనదని గాంధీ తెలిసికొన్నాఁడు. తెలిసియు, వ్యాజ్యము సాగినచో ఇరువురును చెడుదురని గ్రహించి మధ్యవర్తి తీర్పునకు ఒప్పించినాఁడు. దాదా అబ్దుల్లాయే గెలిచెను. కాని సొమ్మంతయు ఒక్కమాఱుగా కట్టవలసినచో తయ్యబ్ సేఠు దివాలా తీయును. అందుచేత చాలకాలముపాటు వాయిదాల మీఁద పుచ్చుకొనుటకు గాంధీ తన కక్షిదారునే ఒప్పించినాఁడు. ఎదుటివారితో మాటకలుపని వకీలున కిది సాధ్యమగునా? నేఁడు 1987 సంవత్సరపు చట్టముచే ఏర్పడిన లోక్ అదాలతులు కలవు. కోర్టులోని దావా అక్కడ రాజీ పడినచో కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. దానిపై అప్పీలు లేదు గనుక తగవు అంతటితో తెగును. అన్నదమ్ముల వ్యాజ్యములు కొడుకుల కాలమునకు సాగకుండుటకు ఇది మంచి త్రోవ.

ఇంతవఱకు మర్యాదను గూర్చి చెప్పితిని. కుమ్మక్కు వేఱు. చెట్టుక్రింద కాఫీ త్రాగుట కుమ్మక్కు కాదు. కక్షిదారునకు తెలుపక రాజీకి ఒప్పుకొనుట, అతఁడు నమ్మి చెప్పిన రహస్యమును ఎదుటివారికి అందించుట, వసూలైన సొమ్మునకు లెక్క చెప్పకుండుట, ఇవి ద్రోహములు. కక్షిదారుని రహస్యమును అతని సమ్మతిలేక వెల్లడింపరాదని 2023 సంవత్సరపు భారతీయ సాక్ష్య అధినియమము కూడ కట్టడి చేసినది. గెలిచిన పొలములో నాలవవంతు తనకు ఫీజుగా ఈయవలెనని వకీలు బేరమాడుటయు నియమవిరుద్ధమే. ఫీజు బాకీ ఉన్నదని కక్షిదారుని కాగితములను వకీలు బిగఁబట్టుకొనరాదని సర్వోన్నత న్యాయస్థానము 2000లో తీర్పు చెప్పినది. వకీళ్లకు సమ్మె చేయు హక్కు లేదని 2002లో అదే న్యాయస్థానము చెప్పినది. ఏలయన వారు కోర్టునకు రానినాఁడు దినకూలి పోఁగొట్టుకొని వచ్చిన సాక్షి ఊరక తిరిగిపోవలసి యుండును.

ఇట్టి తప్పు నిజముగా జరిగినచో దానిని రచ్చబండమీఁద చాటుటవలన ప్రయోజనము లేదు. రాష్ట్ర బార్ కౌన్సిలునకు వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. దాని క్రమశిక్షణ సంఘము ఉభయుల మాటయు విని, తప్పు ఋజువైనచో వకీలును మందలింపవచ్చును. కొంతకాలము వృత్తినుండి నిలుపవచ్చును. పట్టికనుండి పేరునే తొలగింపవచ్చును. ఒక సంవత్సరములో అక్కడ తేలకున్నచో ఆ ఫిర్యాదు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు పోవును. ఇది చట్టము. కాని అనుమానము వేఱు, ఋజువు వేఱు అని మఱువరాదు. ఓడిన ప్రతి వ్యాజ్యమునకును వకీలే ద్రోహి కాఁడు.

పెద్దలారా! ఇందు మీ వంతు కూడ కలదు. వకీలును కుదుర్చునపుడు "బాగుగా తిట్టునా?" అని విచారింపకుఁడు. అతఁడు కాగితములు చదివి వచ్చునా, వేళకు వచ్చునా, వాయిదా తేదీ ముందుగా తెలుపునా, పుచ్చుకొన్న సొమ్మునకు రసీదు ఇచ్చునా, ఓడు వ్యాజ్యమును ఓడునని ముందే చెప్పునా, ఈ ప్రశ్నలు వేయుఁడు. మీతోవచ్చిన కక్షిదారుఁడు ఎదుటి వకీలును దూషించుచుండఁగా చూచి యూరకుండకుఁడు. ఆ దినమున ఎదుట నిలిచినవాఁడే రేపు మనకు రాజీమాట తెచ్చువాఁడు కావచ్చును.

కోర్టుకు పోవునది న్యాయమునకు. డిక్రీ వచ్చినపిమ్మట కూడ ఆ రెండు కుటుంబములును ఒకే కాలువ నీరు త్రాగవలెను, ఒకే దారిని పొలమునకు పోవలెను. వకీళ్లు పట్టణమున ఉండిపోదురు. ఊరికి తిరిగివచ్చి కలిసి బ్రదుకవలసినవారు మీవారే. వ్యాజ్యము నడచినన్నాళ్లు మాటలు మర్యాదగా నడచినచో, ఆ తిరిగివచ్చుట కొంత సులభమగును. ఈసారి చెట్టుక్రింద ఆ యిద్దఱు వకీళ్లు నవ్వుచు కనఁబడినపుడు, మీ ప్రక్కనున్నవానికి ఈ సంగతి చెప్పుఁడు.