వినిపించని హక్కు

చెవిటి మిషన్లు ఉచితంగా ఇచ్చే పథకాలకు దేశంలో దశాబ్దాల చరిత్ర ఉంది. మిల్లు మోతలో వినికిడి పోగొట్టుకునే జాముల్ కాంట్రాక్టు కార్మికుడికి మాత్రం ఆ దారి ఇప్పటికీ చుట్టుదారే.

భోజనం దగ్గర భార్య 'చాలా?' అని అడుగుతుంది. ఆయనకు 'పాలా?' అని వినిపిస్తుంది. ఇంట్లో వాళ్లు నవ్వుతారు. తర్వాత్తర్వాత టీవీ శబ్దం పెరుగుతుంది, ఫోన్లో మాటలు తగ్గుతాయి, చివరికి పెళ్లిళ్లకు వెళ్లడం కూడా మానేస్తాడు. యంత్రాల మధ్య పాతికేళ్లు పనిచేసిన మనిషికి చెవుడు చాలావరకు ఇలాగే వస్తుంది. నొప్పి ఉండదు, చీము కారదు. లోపలి చెవిలోని సున్నితమైన కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. అవి మళ్లీ పుట్టవు. మొదట పోయేవి హెచ్చు స్థాయి ధ్వనులు. 'స', 'చ', 'త' వంటి హల్లులు చెదిరిపోయి అచ్చులు మిగులుతాయి. అందుకే ఎదుటివాడు మాట్లాడుతున్నాడని తెలుస్తుంది, ఏమన్నాడో తెలియదు.

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయ్ పారిశ్రామిక ప్రాంతం పక్కనే ఉన్న జాముల్‌కు ఈ మోత కొత్త కాదు. సోవియట్ సహకారంతో కట్టిన భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో వెలిగింది. ఆ కొలిమి వదిలే స్లాగ్ ఆధారంగా సిమెంటు తయారుచేసే కర్మాగారాన్ని ఏసీసీ 1965లో జాముల్‌లో ప్రారంభించింది. ఆ కంపెనీ 2022లో అదానీ గ్రూపు చేతికి వెళ్లింది. కొలిమి పనికీ, కూలి పనికీ ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు భిలాయ్‌లో తరాలుగా స్థిరపడ్డాయి.

సిమెంటు పరిశ్రమలో మోతకు పెట్టింది పేరు బాల్ మిల్లు. తిరిగే భారీ డ్రమ్ములో ఉక్కు గుండ్లు పైకి లేచి పడుతూ క్లింకర్‌ను పొడి చేస్తాయి. దాని పక్కన శబ్దం 100 డెసిబెల్స్ దాటడం మామూలే. ఫ్యాక్టరీ నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్ మోతలో ఎనిమిది గంటలు ఉండవచ్చు. 100 దగ్గర మాత్రం రెండు గంటలే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం జాబితాలో మోత వల్ల వచ్చే చెవుడు కూడా చేరింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ కూడా దాన్ని జాబితాలోనే ఉంచింది. నష్టపరిహారం చట్టం సైతం దీన్ని వృత్తి వ్యాధిగానే చూసింది. చెవి పోవడం కార్మికుడి తలరాత కాదని చట్టం ఏనాడో ఒప్పుకుందన్న మాట.

మరి పోయిన చెవికి ఆసరా ఎవరివ్వాలి? ఈ ప్రశ్నకు బ్రిటన్ 1948లోనే జవాబు చెప్పింది. ఆ ఏడాది జూలై 5న మొదలైన జాతీయ ఆరోగ్య సర్వీసు, 'మెడ్రెస్కో' అనే ప్రభుత్వ నమూనా వినికిడి యంత్రాన్ని అవసరమైన వారికి ఉచితంగా ఇచ్చింది. అది సొగసైన వస్తువేమీ కాదు. యంత్రం ఒకచోట, బ్యాటరీలు మరోచోట తగిలించుకుని తీగలతో కలుపుకోవాలి. తర్వాత ట్రాన్సిస్టర్లు వచ్చి పరిమాణం తగ్గింది. 1974 నుంచి చెవి వెనుక పెట్టుకునేవి, 2000 తర్వాత డిజిటల్ యంత్రాలు వచ్చాయి. అక్కడి ఏర్పాటులో అసలు సంగతి యంత్రం కాదు. పరీక్ష, అమరిక, మరమ్మతు, బ్యాటరీలు అన్నీ దానితోపాటే ఉచితం.

మన దగ్గర కూడా 1948లోనే ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952లో కాన్పూరు, ఢిల్లీలలో పథకం మొదలైంది. కృత్రిమ అవయవాలు, వినికిడి యంత్రాల వంటివి దాని సేవల్లో భాగమే. ఆ తర్వాత ప్రభుత్వ రంగంలో సహాయ ఉపకరణాల తయారీకి 1972లో కాన్పూరులో అలిమ్‌కో ఏర్పడింది. 1981లో కేంద్రం ఏడీఐపీ పథకం ప్రవేశపెట్టింది. మైసూరులోని వాక్‌శ్రవణ సంస్థ, ముంబయిలో 1983లో నెలకొన్న జాతీయ సంస్థ నిపుణులను తయారుచేశాయి. కాగితం మీద చూస్తే లోటు లేదు.

ఈ కాగితానికీ, జాముల్ కార్మికుడికీ మధ్య మూడు తలుపులున్నాయి. మొదటిది కంపెనీ ఆస్పత్రి. భిలాయ్ సెక్టార్-9లోని పెద్దాసుపత్రి ఉక్కు కర్మాగారం ఉద్యోగుల కోసం కట్టింది. అదే పొగలో, అదే మోతలో పనిచేసినా కాంట్రాక్టు కార్మికుడి హోదా వేరు. ఈ తేడా ఎంత పదునైనదో ఉక్కు కర్మాగారానికి ముడిఇనుము పంపే దల్లీ రాజహరా గనుల్లో ముందే తేలింది. అక్కడి కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహ నియోగి నాయకత్వంలో 1983లో తమ సొంత షహీద్ ఆస్పత్రిని నిలబెట్టుకున్నారు. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు.

రెండో తలుపు ఈఎస్ఐ. అది తెరుచుకోవాలంటే పేరు రికార్డులో ఉండాలి, జీతం పరిమితి దాటకూడదు. 2017 జనవరిలో ఆ పరిమితిని 21,000 రూపాయలు చేశారు. కనీసం అయిదేళ్లు బీమాలో ఉండి పదవీ విరమణ చేసినవారికి ఏడాదికి 120 రూపాయలకే వైద్యం కొనసాగించే వెసులుబాటు కూడా ఈఎస్ఐ నిబంధనల్లో ఉంది. అయితే కాంట్రాక్టరు మారినప్పుడల్లా రికార్డు మారే మనిషికి 'పదవీ విరమణ' అని రాసిచ్చేదెవరు? చెవుడు బయటపడేది తరచూ పని మానేశాకే.

మూడోది ఏడీఐపీ శిబిరం. అక్కడ 40 శాతం వైకల్య ధ్రువపత్రం అడుగుతారు. 1995 నాటి వికలాంగుల చట్టం మెరుగైన చెవిలో 60 డెసిబెల్స్ లోపం ఉంటేనే వినికిడి వైకల్యంగా లెక్కవేసింది. 2016 చట్టం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ లోపాన్ని 'తక్కువ వినికిడి' అంది. మోత చెవుడు తొలి ఏళ్లలో ఆ గీతను తాకదు. హల్లులు పోయి, ఉద్యోగంలో హెచ్చరిక కేక వినిపించని స్థితికి వచ్చినా చట్టం దృష్టిలో మనిషి బాగానే ఉన్నట్టు లెక్క.

మూడు తలుపులూ దాటి యంత్రం అందుకున్నా కథ ముగియదు. పాత జేబు యంత్రానికి పెన్సిల్ సెల్లు చాలు, కిరాణా కొట్లో దొరికేది. చెవి వెనుక పెట్టే యంత్రానికి గుండీ సెల్లు కావాలి. అది ప్రతి చోటా దొరకదు, ఎక్కువ రోజులు రాదు. చెవికి సరిపడా అచ్చు లేకపోతే యంత్రం కూత పెడుతుంది. శిబిరం ఒక రోజు ముచ్చట, అమరిక నెలల పని. సర్దుబాటు చేసే ఆడియాలజిస్టు దగ్గరలో లేకపోతే మిషను బీరువాలో చేరుతుంది. వినికిడి యంత్రం వల్ల మేలు పొందగలవారిలో దాన్ని వాడుతున్నవారు ప్రపంచం మొత్తం మీద 17 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక చెప్పింది. ఇక మన దేశంలో 2011 జనాభా లెక్కలు 50.7 లక్షల మందికి వినికిడి వైకల్యం ఉందన్నాయి. ధ్రువపత్రం గీతకు ఇవతల ఆగిపోయిన మోత చెవుడు అలాంటి లెక్కల్లోకి సులువుగా ఎక్కదు.

దీనికి కొత్త పథకమేదీ అక్కర్లేదు. మోత ఎక్కువగా ఉండే పనుల్లో చేరిన కొత్తలో ఒకసారి, ఆ తర్వాత ఏటా వినికిడి పరీక్ష చేయాలని ఫ్యాక్టరీల నమూనా నిబంధనలే చెబుతున్నాయి. ఆ పరీక్ష గ్రాఫు నకలు ఒకటి కార్మికుడి చేతికివ్వాలి. కాంట్రాక్టరు మారినా ఆ కాగితం మారదు. చెవి ఏ ఏడాది నుంచి తగ్గుతూ వచ్చిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. పరిహారం అడగడానికైనా, ఈఎస్ఐ గడప తొక్కడానికైనా, మిల్లు పక్క నుంచి మరో పనికి మార్చమని కోరడానికైనా అదే ఆధారం. వినికిడి యంత్రం చెవి పోయాక వచ్చే ఆసరా. ఆ కాగితం అంతకంటే ఎంతో చవక, పైగా చెవి పూర్తిగా పోకముందే పనికొస్తుంది.