పాప గుండెకి క్యాథ్ ల్యాబ్ అన్నారు... మరి ఎక్స్‌రే సంగతి?

గుంటూరు, ప్రకాశం వైపు పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పిల్లలకి, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వచ్చాక డబ్బు భయం చాలావరకు తగ్గింది. ఇప్పుడు దాన్నే ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నాం. 2021లో తిరుపతిలో టీటీడీ వాళ్లు పిల్లల గుండె కోసమే శ్రీ పద్మావతి ఆస్పత్రి పెట్టారు. అయినా ఇంకో భయం మిగిలింది. "అంతసేపు ఎక్స్‌రే పడితే పాపకి ఏమైనా అవుతుందా?"

ముందు అసలు జరిగేదేంటో చూద్దాం. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపుతారు. అది ఎక్కడుందో కనిపించడానికే ఎక్స్‌రే. డాక్టర్ పెడల్ మీద కాలు తీయగానే ఎక్స్‌రే ఆగిపోతుంది. ఒంట్లో ఏమీ మిగలదు. పాపని ఎత్తుకోవచ్చు, పాలివ్వచ్చు.

మరి జాగ్రత్త ఎందుకు? పిల్లల కణాలు వేగంగా పెరుగుతుంటాయి, ముందు చాలా జీవితం ఉంటుంది. అందుకే పెద్దయ్యాక క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుంది. నేల, గాలి, ఆకాశం నుంచి మనిషికి ఏడాదికి ప్రపంచ సగటున రెండు మూడు మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ పడతాయి. పిల్లల క్యాథ్‌లో తరచుగా పడేది కొన్ని మిల్లీసీవర్ట్‌లు. కేసు కష్టమైతే ఇంకా ఎక్కువ.

దీన్ని తగ్గించడం మిరప చేలో మందు కొట్టినట్టే. ట్యాంకు అయిపోయేదాకా నొక్కి పట్టుకోం కదా! కావాల్సిన చోటే, కావాల్సినంతే కొడతాం. ఇక్కడా అంతే. సెకనుకి 15 బొమ్మల బదులు 7.5 తీస్తే డోస్ బాగా తగ్గుతుంది. కిరణాన్ని గుండె వరకే కుదిస్తారు. బొమ్మ పట్టే ప్లేటుని పాప ఛాతీకి దగ్గరగా దించుతారు. ప్లేటు ముందుండే జాలీని చిన్నపిల్లలకి చాలాసార్లు తీసేస్తారు, అది ఉంటే ఎక్కువ ఎక్స్‌రే కావాలి. ఎకోతో కనిపించేదానికి ఎకోనే వాడతారు, అందులో రేడియేషనే లేదు.

"డాక్టర్లకి సీసం ఆప్రాన్ ఉంది, పాపకి లేదేంటి?" అని చాలామంది అడుగుతారు. వాళ్లు రోజూ అదే గదిలో ఉంటారు, చెదిరిన కిరణాలు ఏడాది పొడవునా పడతాయి. పాపకి చూడాల్సిందే ఛాతీ. అక్కడ సీసం అడ్డం పెడితే బొమ్మ రాదు, పైగా మెషిన్ తనంతట తానే ఎక్స్‌రే పెంచేస్తుంది.

భయపడి వాయిదా వేస్తే మాత్రం అసలు ప్రమాదం. పెద్ద రంధ్రాన్ని ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి, ఒక దశ దాటాక మూయడానికే వీలుండదు.

కాబట్టి మానేయొద్దు, అడగండి. "పిల్లల సెట్టింగ్ పెడుతున్నారా? ఇందులో ఎకోతో అయ్యేదెంత? డోస్ ఎంత పడిందో డిశ్చార్జ్ కాగితంలో రాస్తారా?" ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి దాచుకోండి. రేపు ఇంకో ప్రొసీజర్ కావాల్సొస్తే కొత్త డాక్టర్‌కి అది చాలా పనికొస్తుంది.

మీ ఊళ్లో ఇలాంటి పాప ఉంటే, వాళ్ల అమ్మానాన్నలకి ఈ వీడియో పంపండి.